పాత పెట్టెకు కొత్త కార్డు



మీ ఇంట్లో కంప్యూటరు ఉండి, దాని ముందు కూర్చునే వయసు పిల్లలుంటే ఈ మాట ఏదో ఒకరోజు మీ చెవిన పడే ఉంటుంది: "నాయనా, గ్రాఫిక్స్ కార్డు మార్చాల." ఆ వెంటనే మీ నోట వచ్చే మాట "ఎందుకురా?" అని. దానికి పిల్లవాడిచ్చే జవాబు "చదువుకోసం" అని. ఈ మూడు మాటల్లో మొదటిది కోరిక, రెండవది నిలదీత. మూడవది చాలా ఇళ్లలో అబద్ధం. ఆ మూడవ మాట ఎందుకు పుడుతుందో ఈ వారం కలిసి ఆలోచిద్దాం. ఆటకోసం డబ్బు ఖర్చుపెట్టడం తప్పా? పాతదాన్ని బాగుచేసి వాడుకోవడం పొదుపా, లేక పొదుపు పేరు పెట్టుకున్న ఆశా? ఇవి చిన్న ప్రశ్నల్లా కనబడతాయి గానీ వీటి చుట్టూ ఇళ్లలో అన్నాలు మానుకున్న రోజులున్నాయి.

యాడికి మండలంలో ఒక ఇల్లు అనుకోండి. ఫలానావారిదని వెతకవద్దు, అలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి. తండ్రికి కొంచెం చీనీతోట, దాని పక్కన వాన కోసం ఎదురుచూసే శెనక్కాయ మెట్ట. కూతురు డిగ్రీ చివరి సంవత్సరం, కొడుకు డిప్లొమా. ఇంట్లో ఒకే కంప్యూటరు. అదీ బెంగళూరులో ఏదో కార్యాలయం వాడి తీసేసినది, నాలుగవ తరం ఇంటెల్ ప్రాసెసరుది. అంటే దాని గుండెకాయ 2013 నాటిది. ఉత్తరాలు రాసుకోవడానికి, పాఠాలు వినడానికి, దరఖాస్తులు పెట్టడానికి అది ఈనాటికీ బాగానే పనిచేస్తుంది. ఆట పెడితే మాత్రం బొమ్మ ఆగి ఆగి కదులుతుంది, రాళ్లదారిలో ఎద్దులబండిలా. కొడుకు అడిగినది ఎనిమిది వేలు అనుకుందాం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలీ రోజుకు 307 రూపాయలు. ఎనిమిది వేలంటే ఎండలో ఇరవై ఆరు రోజుల మట్టిపని. ఈ లెక్క పిల్లవాడిని సిగ్గుపరచడానికి చెప్పడం లేదు. ఇంట్లో అందరి ముందూ ఉండవలసిన లెక్క గనుక చెబుతున్నాను.

అసలు ఆ కార్డు చేసే పనేమిటో పెద్దలు తెలుసుకోవాలి. తెలియని దాన్ని తిట్టడం తేలిక, తెలియని దానికి డబ్బివ్వడం కూడా అంతే తేలిక. రెండూ మంచివి కావు. కంప్యూటరు తెరమీద బొమ్మ సన్నని చుక్కలతో కూడి ఉంటుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న మామూలు తెరలో అడ్డం 1920, నిలువు 1080 చుక్కలు. మొత్తం 20,73,600. బొమ్మ నున్నగా కదలాలంటే సెకనుకు అరవైసార్లు ఈ చుక్కలన్నింటికీ రంగు తేల్చాలి. అంటే సెకనుకు పన్నెండు కోట్ల నలభై నాలుగు లక్షలకు పైగా తీర్పులు. ప్రాసెసరు తెలివైన గుమాస్తాలాంటిది. ఎంత చిక్కు లెక్కనైనా విప్పుతుంది గానీ ఒకేసారి కొన్నింటినే చూడగలదు. గ్రాఫిక్స్ కార్డు శెనక్కాయ పెరికే కూలీల గుంపులాంటిది. ఒక్కొక్కరి పని చిన్నదే, కానీ వందలమంది ఒకేసారి సాళ్లలో దిగుతారు. పది ఎకరాల చేను గుమాస్తా ఒక్కడే పెరకలేడు. కూలీల గుంపును పిలిచి వడ్డీ లెక్క కట్టమన్నా లాభం లేదు. రెండూ కావాలి, రెండింటికీ పొత్తు కుదరాలి.

పిల్లలు మొదట పొరబడేది ఈ పొత్తు దగ్గరే. పాత పెట్టెలో పెద్ద కార్డు పెడితే ఆట పరుగెత్తుతుందనుకుంటారు. మన ప్రాంతంలో ఈ సంగతి ఎవరికీ పాఠం చెప్పనక్కరలేదు. బోరులో రెండించుల నీళ్లున్నప్పుడు ఐదు హెచ్.పి. మోటారు తీసి పది హెచ్.పి. మోటారు దించితే నాలుగించులు పోస్తుందా? కాసేపు పోసి గాలి కక్కుతుంది, ఆ తరువాత మోటారు కాలుతుంది. నీళ్లు ఇచ్చేది మోటారు కాదు, భూమి. అలాగే పాత ప్రాసెసరు ఎంత పని అందించగలదో అంతే కొత్త కార్డు చేయగలదు, మిగిలిన బలమంతా ఊరికే కూర్చుంటుంది. దీన్ని ఖర్చు లేకుండా పరీక్షించవచ్చు. ఆటలో తెర నాణ్యతను బాగా తగ్గించి చూడమని మీ అబ్బాయికి చెప్పండి. అప్పుడు ఆట వేగం పెరిగితే అడ్డం కార్డే. పెరగకపోతే అడ్డం ప్రాసెసరు. అలాంటప్పుడు ఎంత కార్డు కొన్నా పొడి బోరులో మోటారు దించినట్టే. దీనికంటే ముందు చేయవలసినది ఇంకొకటుంది. పెట్టె మూత తీసి దుమ్ము దులపాలి. మన ఎర్రదుమ్ము, సిమెంటు లారీల దారి పక్కన ఇళ్లయితే తెల్లదుమ్ము, ఫ్యాను రెక్కల మీద అట్ట కట్టి ఉంటుంది. వేసవి ఎండ 42 డిగ్రీలకు చేరినప్పుడు ఆ అట్ట కింద చిప్పు ఉడికిపోతుంది, వేడికి తట్టుకోలేక తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. అది యంత్రం ముసలితనం కాదు, మన సోమరితనం. శుభ్రం చేసి, చిప్పుకూ దాని మీది లోహపు దిమ్మకూ మధ్య ఎండిపోయిన పూతను మళ్లీ పూస్తే కొన్నిసార్లు సగం జబ్బు నయమవుతుంది.

ఇంకా ఒకటుంది. పాత గుడ్డకు కొత్త మాసిక వేయకూడదన్న ఉపమానం మన గుడిలో ఎన్నిసార్లో విన్నాం. మాసిక బలమే గుడ్డను చింపుతుంది. ఇక్కడ ఆ చిరుగు పడేది కరెంటు పెట్టె దగ్గర, ఎస్.ఎం.పి.ఎస్. అంటారే, దాని దగ్గర. కంప్యూటరు బోర్డు మీద కార్డు గుచ్చే గాడి ఆ కార్డుకు 75 వాట్ల వరకు ఇవ్వగలదు. అంతకంటే ఎక్కువ తినే కార్డుకు విడిగా తీగ కలపాలి. కార్యాలయాలు వాడి వదిలేసిన పెట్టెల్లో చాలావాటికి ఆ తీగే ఉండదు. పిల్లలు మార్పిడి తీగలు తెచ్చి ఎలాగో అతికిస్తారు. పైన 450 వాట్లని కాగితం అంటించి లోపల అంత సరుకు లేని చవక ఎస్.ఎం.పి.ఎస్.లు బజారులో తక్కువేమీ కాదు. వోల్టేజి ఎగిరిపడే ఊళ్లో అవి కార్డుతోపాటు బోర్డునూ, అందులో దాచుకున్న అక్క ప్రాజెక్టు పనినీ తీసుకుపోతాయి. ఇలాంటి పెట్టెలకు గాడి ఇచ్చే కరెంటుతోనే బతికే చిన్న కార్డులున్నాయి. 2014లో వచ్చిన జి.టి.ఎక్స్. 750 టి.ఐ. 60 వాట్లది. 2016 నాటి 1050 టి.ఐ., 2019 నాటి 1650 చెరి 75 వాట్లవి. పాత పెట్టెకు తగిన పెళ్లికూతుళ్లు ఇవే. కొత్తదే మేలన్న మాట ఇక్కడ చెల్లదు. 2022 జనవరిలో వచ్చిన రేడియాన్ 6500 ఎక్స్.టి. చూడండి. అది గాడిలోని పదహారు దారుల్లో నాలుగింటినే వాడుతుంది. కొత్త బోర్డులో ఆ నాలుగు చాలు. పాత బోర్డులో ఒక్కో దారి వేగం సగమే గనుక అది కుంటుతుంది. వయసులో చిన్నదైనా పాత ఇంట్లో ఇమడలేకపోయింది.

ఇంతకీ "పాత" అన్న మాట ఎవరు నిర్ణయిస్తారు? ఇది నాకు చాలా రోజులుగా తేలని ప్రశ్న. 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్ ఎనిమిదవ తరం ప్రాసెసరైనా ఉండాలంది. అదే నెలలో ఎన్విడియా సంస్థ 750, 1050 వంటి కార్డులకు కొత్త ఆటల కోసం డ్రైవర్లు రాయడం ముగించింది. భద్రతకు సంబంధించిన మరమ్మతులు మాత్రం 2028 అక్టోబరు వరకు ఇస్తానంది. మన యాడికి పెట్టెలో ఆ నెల ఒక్క మర కూడా అరగలేదు. ఒక్క తీగ కూడా తెగలేదు. సెప్టెంబరు చివరన ఎలా పనిచేసిందో నవంబరులోనూ అలాగే పనిచేసింది. అయినా దానికి "పాతది" అన్న పేరు వచ్చేసింది. ఎద్దు ముసలిదైతే మనం దాని నడకలో చూస్తాం. యంత్రం ముసలిదైతే ప్రకటనలో చదువుతాం. కంపెనీలకు వాటి కారణాలుంటాయి, పదేళ్ల నాటి చిప్పుకు జీవితాంతం పనివాళ్లను పెట్టి మరమ్మతు రాయించమనడం న్యాయం కాదు. అది ఒప్పుకుంటాను. కానీ ఒక వస్తువు మూలపడటానికీ మూలకు నెట్టబడటానికీ తేడా ఉంది. ఆ తేడాను గుర్తించే పిల్లవాడు, లినక్స్ వంటి ఉచిత వ్యవస్థ ఎక్కించుకొని ఆ పెట్టెను ఇంకో నాలుగేళ్లు నడిపే పిల్లవాడు, నా దృష్టిలో వృథా చేసేవాడు కాదు. ఇంట్లో అందరికంటే పొదుపరి అతడే కావచ్చు.

గ్రీకులు వేసుకున్న పాత చిక్కుప్రశ్న ఒకటుంది. థీసియస్ అనే వీరుడి ఓడను ఏథెన్సువారు దాచుకొని, చెడిన పలకనల్లా మారుస్తూ వచ్చారట. అన్ని పలకలూ మారిన తరువాత అది ఆ ఓడేనా? తత్వవేత్తలు రెండువేల ఏళ్లు దీనిమీద వాదించారు. మన తాతలు వాదించలేదు. చక్రాలు మార్చారు, ఇరుసు మార్చారు, కాడి మార్చారు, చివరకు కొయ్యచక్రాలు పోయి టైర్లు వచ్చాయి. అయినా "అది మా తాత బండి" అన్నారు. బండిని బండిగా నిలిపినది కొయ్య కాదు, దాన్ని బాగుచేసుకుంటూ వచ్చిన చేతులు. ఒక్కో భాగం మార్చుకుంటూ కంప్యూటరును నిలుపుకోవడంలోనూ ఆ గుణం కొంత ఉంది.

కొంతే ఉందన్నాను. ఎందుకంటే భాగాలు మార్చడంలో ఒక జారుడుబండ కూడా ఉంది. పద్దెనిమిదవ శతాబ్దపు ఫ్రెంచి రచయిత దిదరో తన పాత గౌను గురించి ఒక వ్యాసం రాశాడు. ఎర్రని ఖరీదైన కొత్త గౌను ఇంటికి వచ్చిన తరువాత, దాని పక్కన కుర్చీ వెలవెలబోయిందట. కుర్చీ మారిస్తే బల్ల, బల్ల మారిస్తే గోడ మీది పటం. ఒక్కటి కొత్తదైతే మిగిలినవన్నీ ఆ రోజే పాతబడ్డాయి. కార్డు మారితే తెర పాతబడుతుంది, తెర మారితే ప్రాసెసరు, ప్రాసెసరు మారాలంటే బోర్డు. కాబట్టి కొనకముందే "ఇక్కడితో ఆగుతాను" అని ఒక గీత గీసుకోమని చెప్పడం పెద్దల బాధ్యత. గీత ఎక్కడ గీయాలో మాత్రం వాడే చెప్పాలి. వాడు గీసిన గీతనే వాడు నిలుపుకుంటాడు, మనం గీసినదాన్ని దాటడానికి దారి వెతుకుతాడు.

ఇక అబద్ధం సంగతి. "చదువుకోసం" అని పిల్లవాడు ఎందుకంటాడు? ఆటకోసం అంటే తిరస్కారం తప్ప జవాబు రాదని వాడికి తెలుసు గనుక. మన ఇళ్లలో ఉపయోగానికి తప్ప దేనికీ డబ్బు పుట్టదు. అలాగని మనం ఉపయోగానికే ఖర్చుపెడుతున్నామా? పెళ్లిలో వేసిన పందిరికి, పండుగ నాటి టపాకాయలకు, పక్కవారికంటే ఒక అంతస్తు ఎక్కువ లేవాలని అప్పు చేసిన మిద్దెకు ఉపయోగమే లెక్క చూశామా? పెద్దల సరదాలకు "మర్యాద" అన్న పేరుంది. పిల్లల సరదాలకు పేరు లేదు, అందుకని వాళ్లు "చదువు" అన్న పేరు అరువు తెచ్చుకుంటారు. ఆ అరువు మనం నేర్పినదే.

ఆటను తక్కువ చేసి మాట్లాడటం భక్తి అనుకునేవారికి ఒక మాట. పదమూడవ శతాబ్దంలో పునీత అక్వినాసు తోమాసు, అంతకు చాలా ముందు అరిస్టాటిలు చెప్పినదాన్ని అందుకొని, ఆటలో కూడా ఒక సుగుణం ఉందని రాశాడు. శరీరానికి విశ్రాంతి ఎలాగో, మనస్సు అలసటకు ఆట అలాంటిదన్నాడు. అపోస్తలుడు యోహాను గురించి పాతకాలం నుండి వస్తున్న కథ ఒకటి ఆయన అక్కడ చెబుతాడు. యోహాను శిష్యులతో ఆడుకుంటూ ఉంటే చూసి కొందరు నొచ్చుకున్నారట. వారిలో ఒకడి చేతిలో విల్లుంది. బాణాలు వేయమన్నాడు యోహాను, వేస్తూనే ఉండగలవా అని అడిగాడు. అలా చేస్తే విల్లు విరిగిపోతుందన్నాడు వాడు. మనస్సూ అంతేనన్నాడు యోహాను. అక్వినాసు అక్కడితో ఆగలేదు. ఎప్పుడూ నవ్వనివాడు, ఇతరుల నవ్వును చెడగొట్టేవాడు కూడా తప్పు చేస్తున్నట్టే అన్నాడు. ఆటకు సమయం, చోటు, మనిషి చూసుకోవాలని హద్దులు కూడా పెట్టాడు. పరీక్ష ముందురోజు రాత్రి రెండు గంటల దాకా ఆడేవాడికి ఈ హద్దు చాలు. డబ్బు పందెం పెట్టే ఆటల సంగతి వేరు. వాటిని ఆంధ్రప్రదేశ్‌లో 2020లో, దేశమంతటా 2025 ఆగస్టులో చేసిన చట్టంతో నిషేధించారు. అవి ఆటలు కావు, ఆట తోలు కప్పుకున్న అప్పులు. ఆ రెండింటినీ ఒకే తిట్టుతో తిట్టే తల్లిదండ్రులు పిల్లవాడికి తేడా చెప్పే అవకాశాన్ని పోగొట్టుకుంటున్నారు.

ఇప్పుడు తండ్రివైపు చూద్దాం. దేశంలో జైసల్మేరు తరువాత తక్కువ వాన పడే జిల్లాగా చెప్పుకునే నేల మనది. యాడికి చుట్టూ సున్నపురాయి. అందుకే సిమెంటు, అందుకే కోన ఉప్పలపాడు గుహలు. నీళ్లకు మాత్రం ఆ రాయి ఒకచోట ఇచ్చి పది అడుగుల అవతల మొండిచేయి చూపుతుంది. ఆ తండ్రి చీనీచెట్లు ఎండిపోతుంటే చూడలేక మూడు బోర్లు వేయించాడనుకోండి. రెండింటిలో దుమ్ము లేచింది. ఆ రెండు బోర్ల ఖర్చు ముందు కొడుకు అడిగిన ఎనిమిది వేలు ఏపాటివి? "నీ బోరు ఆశ, నా కార్డు దుబారా అవునా?" అని కొడుకు నోరు తెరిచి అనడు, మనసులో అనుకుంటాడు. జవాబు చెప్పడం తేలిక కాదు. తండ్రి ఆశ ఇల్లు నిలబడటానికి, కొడుకు కోరిక తన సంతోషానికి. ఆ తేడా నిజమైనదే. కానీ తండ్రి ఆశకు కూడా ఒక దోషం ఉంది. ఒక బోరు లోతు పెరిగితే పక్కవాడి బోరు అడుగంటుతుంది. పక్కవాడు ఇంకా లోతుకు పోతాడు. అందుకే 2002లో వాల్టా చట్టం తెచ్చి బోరుకూ బోరుకూ మధ్య దూరం ఉండాలన్నారు. ఆ దూరం ఎంతమంది కొలిచారో మీ ఊళ్లో మీకే తెలుసు. కొడుకు కార్డు పక్కింటి పిల్లవాడి కార్డును ఎండగట్టదు. వాడి మనశ్శాంతిని కొంచెం ఎండగట్టవచ్చు, అంతే. కాబట్టి ఎవరి కోరిక ఎవరికి ఎంత నష్టం తెస్తుందో చూడకుండా, ఒకటి పని, ఒకటి ఆట అన్న పేర్లతోనే తీర్పు చెప్పకూడదు.

నిజానికి ఈ ఇంట్లో అందరికంటే ఎక్కువ పోగొట్టుకునేది మాట్లాడనివారు. అక్క గురించి ఇంతవరకు ఎవరైనా అడిగారా? కంప్యూటరు ఒక్కటే. రాత్రి తొమ్మిది తరువాత తమ్ముడిది, పగలు ఇంటి పని మధ్య దొరికినంతసేపు అక్కది. ఆ అమ్మాయికి కావలసింది కార్డు కాదు. ఫైలు తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టకుండా ఉండటం కావాలి. తిరిగే డిస్కు తీసి ఎస్.ఎస్.డి. పెడితే ఆ పాత పెట్టె పరుగు మొదలుపెడుతుంది, కార్డు కంటే తక్కువ ఖర్చుతో. ఆటల పిచ్చిలో ఉన్న తమ్ముడికి ఇది తెలియక కాదు. తెలుసు. చెప్పలేదు, చెబితే తన ఎనిమిది వేలలో కోత పడుతుందని. "చదువుకోసం" అన్న అబద్ధం ఇక్కడ అబద్ధంగా ఆగలేదు, దొంగతనపు గడప దాకా వచ్చింది. ఎందుకంటే ఆ మాట నిజంగా ఎవరికి చెందుతుందో ఆ మనిషి నోటి నుండి దాన్ని లాక్కున్నాడు. ఇది నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోతే మీ ఇంట్లో ఆ రాత్రి తొమ్మిది గంటలకు ఎవరు ఎక్కడ కూర్చుంటారో ఒకసారి చూడండి.

తండ్రి ఒప్పుకున్నాడనే అనుకుందాం. ముందు ఎస్.ఎస్.డి., చీనీకాయల డబ్బు వచ్చాక వాడిన కార్డొకటి. కొత్తదా, వాడినదా అన్నచోట మరో ప్రశ్న ఉంది. 2020 నుండి 2022 దాకా ఈ కార్డులు బజారులో దొరకలేదు. దొరికినా రెండింతల ధర. ఈథర్ అనే అంకెల నాణేన్ని తవ్వేవారు కొని గదుల నిండా పేర్చుకున్నారు. 2022 సెప్టెంబరు 15న ఆ నాణెం పద్ధతి మారింది, కార్డులతో తవ్వే పని ఒక్కరోజులో ఆగింది. రాత్రింబగళ్లు మరిగిన ఆ కార్డులు తుడిచి, పెట్టెలో పెట్టి, "కొద్దిగా వాడినది" అన్న మాటతో అమ్మకానికి వచ్చాయి. అంతకంటే ఘోరం, పాత చిప్పుకు 1050 టి.ఐ. అని దొంగపేరు పెట్టి అమ్మినవి. ఉచితంగా దొరికే జి.పి.యు.-జెడ్ అనే ప్రోగ్రాము 2018 నుండి అలాంటి దొంగపేర్లను పట్టిస్తోంది. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో గానీ, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో గానీ కొనేటప్పుడు, అక్కడే పెట్టెలో పెట్టించి అరగంట ఆట నడిపించి చూడటంలో సిగ్గుపడవలసిందేమీ లేదు. సంతలో ఎద్దు పళ్లు చూడకుండా ఎవరు కొన్నారు?

వాడిన కార్డు కొంటే భూమిలోంచి కొత్తగా ఏదీ తవ్వనక్కరలేదని కొందరంటారు. సగం నిజం. ఆ అమ్మినవాడు మీ డబ్బుతో కొత్తది కొంటాడు. కానీ మీ చేతికి వచ్చినది ఇంకో నాలుగేళ్లు చెత్తకు పోకుండా ఆగింది, అది మాత్రం పూర్తి నిజం. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో లెక్క చెప్పాయి. పద్ధతిగా సేకరించి శుద్ధి చేసినట్టు లెక్కకు అందినది అందులో 22.3 శాతమే. మిగిలినదాంట్లో కొంత ఢిల్లీ సీలంపూరు వంటి చోట్లకు చేరుతుంది. అక్కడ రాగి కోసం తీగలు కాలుస్తారు, పలకలను ఆమ్లంలో ముంచుతారు. ఆ పొగ పీల్చేవారిలో మీ అబ్బాయి వయసువారూ ఉంటారు. కరెంటు మాటకొస్తే ఈ చిన్న కార్డును నిందించలేం. రోజుకు మూడు గంటలు పూర్తి బలంతో ఆడినా నెలకు ఏడు యూనిట్ల లోపే. 2025 జనవరిలో వచ్చిన 5090 కార్డు సంగతి వేరు, 575 వాట్లు, ముప్పాతిక హెచ్.పి. మోటారు తినేంత. ఇప్పుడు ఆ కంపెనీలకు ఆటలాడే పిల్లలు పెద్ద ఖాతాదారులు కూడా కారు. ఆటలో ఆకు కదలికను లెక్కకట్టిన ఆ కూలీల గుంపునే ఇవాళ కృత్రిమ మేధ కోసం గోదాముల నిండా నింపుతున్నారు. విశాఖపట్నంలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో అలాంటి కేంద్రం కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. 75 వాట్ల కోరికకు ఇంట్లో ఇంత విచారణ జరుగుతుంటే, ఆ పెద్ద కోరికలను నిలదీసే నాయన ఎవరో నాకు తెలియడం లేదు.

ఇక మిగిలింది పెట్టెలోంచి తీసిన పాత కార్డు. పాత సామాన్ల బండికి వేస్తే దాని దారి ఎటో పైన చెప్పాను. పనిచేస్తూ ఉంటే రాయలచెరువులోనో తాడిపత్రిలోనో ఇంకా పాత పెట్టె ఉన్న పిల్లవాడికి అది కొత్తదే. అమ్మేటప్పుడు ఒక్క చిక్కు. అది వేసవి మధ్యాహ్నాల్లో అప్పుడప్పుడు ఆగిపోతుందని మీవాడికి తెలుసు. కొనేవాడు అడగలేదు. చెప్పాలా? ఈ ప్రశ్నను కూడా అక్వినాసే ఒకచోట విడిగా తీసుకొని తీర్పు చెప్పాడు. గుర్రానికి ఒక కన్నే ఉంటే అది అందరికీ కనబడే లోపం, ధర దానికి తగ్గట్టు ఉంటే అమ్మేవాడు నోరు తెరిచి చెప్పనక్కరలేదు. కానీ కంటికి కనబడని లోపం, కొన్నవాడికి నష్టమో ప్రమాదమో తెచ్చే లోపం అయితే చెప్పి తీరాలి. కార్డు వేడికి ఆగిపోవడం కంటికి కనబడే లోపం కాదు, చలికాలంలో అరగంట నడిపి చూసినా బయటపడదు. కాబట్టి ఒక చీటీ మీద "ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట ఆగుతుంది, ఫ్యాను తుడిస్తే కొంత మేలు" అని మీ అబ్బాయి చేతనే రాయించి దానికి అంటించండి. అది చదివి కొనేవాడు మూడు వందలు తగ్గించమంటాడు. వాడు అడిగినది న్యాయమైన ధరే.